సరుకెవరిది? మాటల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

సరుకు అమ్మేవాళ్లకీ, పని చేసిపెట్టేవాళ్లకీ వాడే మాటల మీద ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం వైపు పాఠకులు పంపిన ఉత్తరాలు ఈసారి ఒకచోట చేర్చాం. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య పడి నలిగే మాటలివి. ఉత్తరాలు కాస్త కుదించాం, ప్రశ్న మాత్రం చెడగొట్టలేదు.

ప్రశ్న: మా బడికి బెంచీలు, సుద్దముక్కలు, మధ్యాహ్న భోజనానికి కూరగాయలు తెచ్చిపెట్టేవాళ్ల పట్టిక ఒడియాలోనూ తెలుగులోనూ తయారు చేయాలి. ఒడియాలో ‘యోగాణకారి’ అని రాసి ఉంది. తెలుగులో సరఫరాదారు అనాలా, విక్రేత అనాలా, వెండర్ అని వదిలేయాలా?
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: ముందు ఒడియా పలుకు సరిచేసుకుందామండీ. అది జోగాణకారి. మనం ‘య’ అనుకుని చదివే ఆ అక్షరాన్ని వాళ్లు ‘జ’ అనే పలుకుతారు. ‘య’ పలకడానికి వాళ్లకి వేరే అక్షరం ఉంది. మన యాత్ర వాళ్ల నోట జాత్ర అయ్యేది అందుకే. జోగాణ అంటే సరఫరా. రేషను కార్డుల శాఖ బోర్డు మీద కనిపించేది ఈ మాటే. దాని పక్కనే ఉండే ‘ఖాఉటి’ అంటే వినియోగదారు. మాటకి మాట చూస్తే తినేవాడు అని. మన వినియోగదారు కంటే అదే నోటికి సుళువు.

ఇక తెలుగు. విక్రేత అంటే అమ్మినవాడు. మీరు కొట్టుకి వెళ్లారు, సుద్దముక్కల పెట్టె కొన్నారు, డబ్బిచ్చారు, అక్కడితో బేరం ముగిసింది. సరఫరాదారు అంటే ముందే మాట్లాడుకున్న ధరకి, చెప్పిన రోజుకి, చెప్పిన పరిమాణంలో మీ గుమ్మం దగ్గరికి తెచ్చి అప్పగించాల్సినవాడు. వారానికి రెండుసార్లు కూరగాయలు దించేవాడు సరఫరాదారు. ఎప్పుడైనా అవసరపడి చాక్‌పీసులు తెచ్చుకునే కొట్టువాడు విక్రేత. పట్టికలో ఇద్దరినీ కలిపేస్తే, కూరలు రాని రోజున ఎవరిని నిలదీయాలో తెలీదు. విక్రేతకి ఆ బాధ్యత లేదు, సరఫరాదారుకి ఉంది.

వెండర్ మాట వద్దు. ఆఫీసు కాగితంలో వెండర్ అంటే పెద్ద కంపెనీ కూడా కావచ్చు. అదే మాట రోడ్డు మీదకి వచ్చేసరికి తోపుడుబండి మనిషి. 2014 నాటి చట్టం కాపాడేది ఈ రెండో రకాన్ని. వారిని తెలుగులో వీధి వ్యాపారులు అంటున్నాం, అది బాగానే కుదిరింది.

బెంచీలు బాగుచేసే వడ్రంగిని ఎక్కడ రాయాలన్నది మీరు అడగలేదు గానీ, చిక్కు వచ్చేది అక్కడే. మామూలు తెలుగులో ఆయన సరఫరాదారు కాదు, పనివారు. కానీ జీఎస్టీ చట్టం దృష్టిలో సేవ కూడా సరఫరాయే. దాని ప్రకారం క్షవరం చేసినా సరఫరా, చార్టర్డ్ అకౌంటెంటు లెక్కలు చూసినా సరఫరా. కాబట్టి పట్టిక రెండు భాగాలుగా వేయండి: ‘సరుకు ఇచ్చేవారు’, ‘పని చేసేవారు’. జీఎస్టీ బిల్లయితే అందులో ఉన్న కోడు చూసి కూడా పోల్చుకోవచ్చు. సేవ కోడు 99తో మొదలవుతుంది, సరుకు కోడు అలా మొదలవదు. ఒక్కో పేరు ఎదురుగా ఏమిటి, ఏ కొలతలో, ఎంత ధరకి, ఎక్కడ అప్పగించాలి, ఏ రోజు అన్న ఐదూ ఉంటే చాలు.

ప్రశ్న: మా ముత్తాతగారు కటకం వైపు ఉండేవారు. ఆయన పాత కాగితాల్లో ‘సర్బరాకారు’ అని హోదా ఉంది. సరుకులు సరఫరా చేసేవారా?
– రాయగడ

జవాబు: కాదండీ. ఊరి శిస్తు వసూలు చేసి పైకి కట్టే మనిషి. మన సరఫరా, ఆ సర్బరా రెండూ ఒకే పారసీ మాట నుంచి వచ్చాయి. దాని మొదటి అర్థం ముందుండి ఏర్పాట్లు నడిపించడం. తెలుగు అందులోంచి సరంజామా చేరవేసే ఏర్పాటుని తీసుకుంది. ఒడిశా రెవెన్యూ శిస్తు ఏర్పాటుని తీసుకుంది. మాట అన్నదమ్ముల్లా విడిపోయి రెండు ఇళ్లు కట్టుకుంది. కాగితాన్ని తెలుగు చేయించేటప్పుడు ‘గ్రామ శిస్తు వసూలుదారు’ అని రాయించండి.

ప్రశ్న: బదిలీ మీద విశాఖ నుంచి వచ్చాను. ‘భండారి’ని పిలిపించమంటే స్టోరు చూసుకునే మనిషి వస్తాడనుకున్నాను. కత్తెర, దువ్వెన పట్టుకుని ఒకాయన వచ్చాడు! ఇలాంటివి ఇంకేమున్నాయో చెబితే జాగ్రత్తపడతాను.
– బరంపురం

జవాబు: ఒడియాలో భండారి అంటే మంగలి. బారిక్ అన్నా అదే. మనకేమో భండారం అంటే కొట్టు, ఖజానా. ఇంకొన్ని చెబుతాం.

మహాజన: తెలుగు సభలో మహాజనులారా అంటే అందరూ సంతోషిస్తారు. ఒడియా పల్లెలో మహాజన అంటే వడ్డీకి అప్పిచ్చేవాడు. గౌడ: తెలంగాణ మనిషికి కల్లుగీత గుర్తొస్తుంది, ఇక్కడ ఆవులు, పాలు. గుడియా: గుడితో సంబంధం లేదు. గుడం అంటే బెల్లం, గుడియా అంటే మిఠాయిలు చేసేవాడు. బేపారి మాత్రం మోసం చేయదు, అది వ్యాపారే.

ఇవన్నీ వృత్తుల పేర్లే అయినా ఇంటిపేర్లుగా, కులాల పేర్లుగా కూడా నడుస్తున్నాయి. భండారి ఇంటిపేరున్న ఆయన మీ బ్యాంకు మేనేజరు కావచ్చు. ఇంటిపేరు చూసి పని అంచనా వేయకండి. పని గురించి రాయాల్సి వస్తే ‘క్షవరం చేసేవారు’, ‘ఇస్త్రీ చేసేవారు’ అని పనినే రాయండి.

ప్రశ్న: మాకు జీడితోట ఉంది. పిక్కలు కొనడానికి పలాస వైపు నుంచి మనుషులు వస్తారు. ఒకరు వాళ్లని దళారులంటారు, ఒకరు ఏజెంట్లంటారు, ఇంకొకరు వ్యాపారులంటారు. పేరులో ఏముందిలే అనుకున్నాను. పోయినసారి డబ్బు ఆగిపోయినప్పుడు ఎవరిని అడగాలో తెలియలేదు.
– ఒక రైతు, కాశీనగర్ దగ్గర

జవాబు: పేరులోనే ఉందండీ. మూడు పేర్లు మూడు లెక్కలు. తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: బస్తా లారీ ఎక్కాక ధర పడిపోతే నష్టం ఎవరికి?

నష్టం ఆయనకే అయితే ఆయన వ్యాపారి. పాత తెలుగులో బేహారి, వాడుకలో బేరగాడు. తన డబ్బు పెట్టి కొంటాడు, పిక్కలు తనవైపోతాయి, మీకు బాకీ ఆయనే. నష్టం పలాసలో ఉన్న ఫ్యాక్టరీ యజమానిదైతే, వచ్చిన మనిషి ఏజెంటు. బస్తాకి ఇంత అని కమీషను ఆయనకి యజమాని ఇస్తాడు. అప్పుడు మీకు బాకీ యజమాని. ఏజెంటు తనకిచ్చిన అధికారం మేరకి ఒప్పుకున్న దానికి యజమాని కట్టుబడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. నష్టంతో ఏ సంబంధమూ లేకుండా మిమ్మల్నీ కొనేవాణ్నీ కలిపి, ఇరువైపులా ఎంతో కొంత పుచ్చుకునేవాడు దళారి. దళారి దగ్గర మీ డబ్బు ఉండకూడదు. ఉందీ అంటే ఆయన దళారి హద్దు దాటాడన్నమాట.

పోయినసారి మీకు జరిగింది బహుశా ఇదే: వచ్చిన మనిషి కొనేటప్పుడు వ్యాపారిలా ధర ఖాయం చేశాడు, డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి ‘నేను ఏజెంటునే’ అన్నాడు. ఈసారి తూకం వేయకముందే చీటీ రాయించండి. ఎవరి తరఫున కొంటున్నారో పేరూ ఊరూ, బస్తాలెన్ని, బస్తా ఎన్ని కిలోలు, కిలోకి ఎంత, తరుగు ఎంత తీశారు, డబ్బు ఏ తేదీకి, లారీ నంబరు ఎంత. బస్తా అన్న మాటని ఒంటరిగా వదలకండి. పలాస లెక్కలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. మీ ఇంట్లో ఉన్న గోనెసంచి 50 కిలోలదో 60 కిలోలదో కావచ్చు. ధర బస్తా మీద చెప్పి, తూకం మీ సంచి మీద వేస్తే లెక్క కుదరదు.

దళారి అరబ్బీ నుంచి వచ్చిన మాట. మొదట్లో తిట్టు కాదు. దానికి తెలుగులో తరగరి అన్న మాట ఉండేది, ఇప్పుడు ఎవరూ అనడం లేదు. తిట్టులా వినిపిస్తోందని కొందరు మధ్యవర్తి అని రాస్తున్నారు. మాకది నచ్చదు. మధ్యవర్తి అంటే తగువు తీర్చేవాడు, కమీషను తీసుకునేవాడు కాదు.

ప్రశ్న: ధాన్యం మండిలో ‘కటణీ ఛటణీ’ అని గొడవ. తెలుగులో ఏమంటారు? అది చేసే మిల్లరుని ఏమనాలి, కొనుగోలుదారా?
– గుణుపురం

జవాబు: తెలుగులో తరుగు. తేమ ఉందని, తాలు ఉందని, మట్టి ఉందని చెప్పి క్వింటాలుకి కొన్ని కిలోలు తగ్గించి రాసుకోవడం. తేమ 17 శాతం లోపుంటే ఆ పేరుతో కోయడానికి దారి లేదు. మండిలో మీటరు పెట్టి కొలిచేటప్పుడు బస్తా పైనుంచి ఒక్క గుప్పెడు కాకుండా పైన, నడుమ, అడుగున మూడుచోట్ల తీయించండి. ఎండలో ఉన్న బస్తా పైన ఆరి, లోపల పచ్చిగా ఉంటుంది. మంచు పడిన బస్తా దీనికి తిరగబడి ఉంటుంది.

రెండో ప్రశ్న అసలైనది. సర్కారు మద్దతు ధరకి కొన్న ధాన్యం రాష్ట్ర పౌరసరఫరాల సంస్థది. మండి నడిపే సొసైటీ దాని తరఫున కొంటుంది, అంటే ఏజెంటు. మిల్లరు కొనడం లేదు. ఆ ధాన్యం ఆడించి, క్వింటాలుకి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించి, ఆడింపు కూలి తీసుకుంటాడు. అంటే ఆయన పనివాడు, సేవ అందించేవాడు. సరుకు తనది కానివాడు తూకంలో చెయ్యి పెట్టడమేమిటన్నదే రైతు అడిగేది, న్యాయంగానే అడుగుతున్నాడు. తక్కువ బియ్యం దిగుతుందన్న భయం మిల్లరుకి ఉండడమూ నిజమే. అయితే ఆ మాట చెప్పుకోవాల్సింది సంస్థతో, రైతుతో కాదు.

ప్రశ్న: మేం పట్టు నేస్తాం. పట్టునూలు, జరీ ఇచ్చేది షావుకారే, చీర తీసుకునేదీ ఆయనే, మాకు మజూరీ. లోను ఫారంలో ‘మీకు ముడిసరుకు సరఫరా చేసేవారు’, ‘మీ కొనుగోలుదారు’ అని రెండు గళ్లున్నాయి. రెండింట్లోనూ ఆయన పేరే రాయమంటారా?
– ఒక నేత కుటుంబం, బరంపురం

జవాబు: ఆగండి, అలా రాయకండి. ముందు షావుకారు పుస్తకంలో మీ పేజీ తీసి చూడండి. నూలు ఎదురుగా గ్రాములున్నాయా, రూపాయలున్నాయా?

గ్రాములుంటే నూలు ఆయనదే. మీ మగ్గం మీద ఉన్నంతసేపూ ఆయనదే. చీర కూడా ఆయనదే, మీరు అమ్మడం లేదు. మీరు ఇస్తున్నది నేత పని. ఫారంలో ముడిసరుకు గడిలో ‘పని ఇచ్చినవారిది’ అనీ, కొనుగోలుదారు గడిలో ‘లేరు, మజూరీకి నేస్తాం’ అనీ రాయండి. చీర ధర మొత్తాన్ని మీ అమ్మకంగా చూపిస్తే ఆదాయం లేనిపోనిది కనిపిస్తుంది. వాయిదా కూడా దాని మీదే లెక్క కడతారు.

రూపాయలుండి, చీర ఇచ్చిన రోజున దాని ధరలోంచి నూలు ఖరీదు తీసేసుకుంటుంటే, మీరు కొంటున్నారు, అమ్ముతున్నారు. అప్పుడు రెండు గళ్లలోనూ ఆయన పేరే రాయాలి. చిరిగినా మరక పడినా నష్టం మీదే. మజూరీ పద్ధతిలోనూ మరక పడితే కోత పెడతారు.

గ్రాముల పద్ధతిలో ఉన్న పెద్ద చిక్కు తూకం. ముడి పట్టుని సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు కదా, అప్పుడు బరువు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పోతుంది. ముడినూలు కిలో ఇచ్చి, రంగేసి నేసిన చీరల్ని కిలో లెక్కకి సరిచూస్తే నేతగాడు నూలు దాచుకున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి పుస్తకంలో ‘ముడి’ అనో ‘ఉడికింది’ అనో మాట తప్పనిసరిగా రాయించండి. పట్టు గాలిలో తడిని కూడా బాగా పీలుస్తుంది. వ్యాపార తూకానికే 11 శాతం తేమ లెక్క కడతారు. వానాకాలం బరువుకీ వేసవి బరువుకీ తేడా ఊరికే రాదు. నూలు తీసుకున్న కాటా మీదే చీర తూయించండి. జరీ బరువు విడిగా రాయించండి. ఫోడ కుంభం (గుడి గోపురాల వరస) అంచు పెద్దదైతే అందులో జరీ వాటా ఎక్కువ. కలిపి తూస్తే పట్టు ఎంతో తేలదు.

షావుకారు అన్న మాట సాధుకారు నుంచి వచ్చింది. సాధువైన పని చేసేవాడని! గుమస్తా కథ ఇంకా తమాషా. ఈనాడు కొట్టులో చిట్టా రాసే చిన్న ఉద్యోగి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఊరూరా తిరిగి నేతవాళ్లకి ముందు డబ్బిచ్చి గుడ్డ రాబట్టిన పెద్ద కొనుగోలు మనిషి.

ప్రశ్న: ఇల్లు కట్టిస్తున్నాం. ఒడియాలో ఠికాదారు అన్నాయన్ని తెలుగులో గుత్తేదారు అనాలా, మేస్త్రీ అనాలా? ఒప్పంద కాగితం తెలుగులో రాసుకుందామంటున్నాడు.
– రాయగడ

జవాబు: మేస్త్రీ వేరు. పోర్చుగీసు వాళ్లు వదిలి వెళ్లిన మాట అది. పని తెలిసి పనివాళ్లని నడిపించే పెద్ద అని అర్థం. రోజుకూలి మీద వచ్చినా మేస్త్రీ మేస్త్రీయే. ఠికాదారు, గుత్తేదారు ఒకటే. రోజులతో పనిలేకుండా పని మొత్తానికి ధర ఖాయం చేసుకున్నవాడు.

అయితే గుత్తలో రెండు రకాలున్నాయి. కాగితంలో ఏదో ఒకటి తేల్చి రాయాలి: కూలి గుత్తా, సామానుతో గుత్తా? ఇసుక, సిమెంటు, ఇనుము ఎవరివన్నదాన్ని బట్టి ఏది పాడవుతుందో ముందే చెప్పొచ్చు. సామానుతో గుత్తయితే సిమెంటు ఆయనది, మిగిల్చుకుంటే ఆయనకి లాభం. స్లాబు రోజున బస్తాలు లెక్కపెట్టుకోండి. 1 : 1½ : 3 పాలు అన్నారంటే, 50 కిలోల బస్తా ఒకటికి ఇసుక ఒకటిన్నర బస్తా కొలత, కంకర మూడు బస్తాల కొలత. గమేళాతో కొలిస్తే ఎన్ని గమేళాలో ముందే ఒక బస్తా పోసి చూసుకోవాలి. కూలి గుత్తయితే సిమెంటు మీది, దాన్ని మిగిల్చే అవసరం ఆయనకి లేదు. ఆయనకి కావల్సింది రోజులు కలిసిరావడం. అప్పుడు తొందర చూడండి: నీళ్లు ఎక్కువ పోసి జారుగా కలపడం, సెంట్రింగ్ ముందే ఊడదీయడం.

స్లాబుకి నీళ్లు పట్టే పని ఎవరిదో రాసుకోని కాగితాలే ఎక్కువ. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఇప్పుడు బస్తాల మీద ఎక్కువగా కనిపించే పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) రకమైతే 10 రోజులు తడి ఆరకూడదు. కూలి గుత్త మనిషి ‘నా పని పోత వరకే’ అని వెళ్లిపోతాడు, మీరు ఆయన చూసుకుంటాడనుకుంటారు. మధ్యలో స్లాబు ఎండిపోయి బీటలిస్తుంది. నీళ్లు, కరెంటు, సెంట్రింగ్ చెక్క, పరంజి ఎవరివో కూడా పేరు పేరునా రాయండి.

ప్రశ్న: సరఫరా చేసేది ఆడమనిషైతే సరఫరాదారురాలు అనాలా? సంఘం మహిళలకి రసీదులు అచ్చు వేయిస్తున్నాం.
– చికిటి

జవాబు: అక్కర్లేదండీ. ‘దారు’ ఉన్న మాటలన్నీ ఆడామగా ఇద్దరికీ చెల్లుతాయి: ఖాతాదారు, వాటాదారు, పట్టాదారు. గొడవ ‘గాడు’, ‘కాడు’ మాటలతోనే. ఆటగాడికి ఆటకత్తె ఉంది, బేరగాడికి జోడీ మాట లేదు. రసీదు మీద ‘సరఫరాదారు’ అని వేయించి, కింద ‘శ్రీమతి’, ‘శ్రీ’ గళ్లు పెట్టండి. ఎదురుపడినప్పుడు పిలవడానికి ఇవేవీ పనికిరావు. అక్కడ పాలాయన, చేపలమ్మే ఆవిడ, కూరలమ్మే అత్త.

ప్రశ్న: మా గొడౌనులో బస్తాలు మోసేవారిని కళాసీలు అంటాం. హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు హమాలీలు అని రాయమన్నారు. ఏది తెలుగు?
– పర్లాకిమిడి

జవాబు: రెండూ కాదు, రెండూ అరబ్బీయే. తెలంగాణలో హమాలీ, శ్రీకాకుళం నుంచి మీ వైపు దాకా కళాసీ. కాగితం హైదరాబాదు వెళ్లేదైతే హమాలీ అని రాయండి. అయితే రైల్వేలో ఖలాసీ అనే ఉద్యోగం ఉంది కాబట్టి, రైలు సరుకు దింపే చోట రాసే కాగితాల్లో ‘ఎగుమతి దిగుమతి కూలీలు’ అని విడమరచండి. కూలి రేటు బస్తాకా, క్వింటాలుకా అన్నది కూడా అందులోనే పెట్టండి. 50 కిలోల సంచులు వచ్చిన రోజున, అదే రేటు బస్తాకి అనుకుంటే వచ్చే కూలి, క్వింటాలుకి అనుకుంటే వచ్చేదానికి సరిగ్గా రెండింతలు.